పెదనాయన పుట్టి... పెద్దమ్మ కాచిన తారు

మా చిన్నప్పుడు... ఏటిగట్టు నుంచి ఎవరైనా "పుట్టీ..." అని ఒక్క కేక వేస్తే చాలు, మా పెదనాయన నోటి దగ్గరి సంకటిముద్ద పళ్ళెంలో పడేసి పరుగెత్తేవాడు. ఎంగిలి చెయ్యి కూడా కడిగేవాడు కాదు. పక్క వీధి నుంచి ఇంకో ముగ్గురు వచ్చేవారు. జీతమా, బత్తెమా... ఏమీ లేదు. ఏట్లో చిక్కుకున్నవాళ్ళను గట్టుకు చేర్చడమే వాళ్ళ పని.

వెదురుతో అల్లి, అడుగున గోనెపట్టా కప్పిన గుండ్రటి పడవ ఆ పుట్టి. దాంతో చేపలు పట్టకూడదు, గడ్డి మోయకూడదు... ఊరి కట్టుబాటు. ఏటా ఎండాకాలంలో బోర్లించి అడుగంతా తారు పూసేవారు. పాత తగరపు డబ్బాలో తారు కాచేది మా పెద్దమ్మ. పాడు వాసన అని తిట్టుకోని ఏడాది లేదు, కాచని ఏడాదీ లేదు.

తర్వాత వంతెన వచ్చింది. మగవాళ్ళు హోసూరు కంపెనీల షిఫ్టులకు పోయారు. పెదనాయన పోయాక, ఇన్ని ప్రాణాలు నిలిపిన పుట్టి కదా అని ఊరంతా కలిసి దాన్ని గంగమ్మ గుడిలో పెట్టాం. ఏటా పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాం. పిల్లల కాలు కూడా తగలనివ్వలేదు. ఎంత భక్తి అనుకున్నారు!

మొన్నటి వానలకు, మేకలు తోలుకుని ఏటి నడిమి మిట్ట మీదికి వెళ్ళిన పెద్దమ్మ అక్కడే చిక్కుకుపోయింది. చుట్టూ ఎర్రనీళ్ళు. ఫోన్లు చేశాం. కృష్ణగిరి నుంచి పడవ బయలుదేరిందన్నారు... దారిలో రోడ్డు తెగిందన్నారు.

గంగమ్మకు మొక్కి, పుట్టిని మోసుకొచ్చి నీళ్ళలో దించాం. మా తమ్ముడు కాలు పెట్టాడో లేదో... ఎండిన తారు పెళ్ళలుగా ఊడి, అడుగు నుంచి నీళ్ళు ఎగజిమ్మాయి. వాణ్ణి వెనక్కి లాగాం. పుట్టి మునిగిపోయింది. నీళ్ళ మీద పసుపు మాత్రం తేలింది.

పెద్దమ్మ అంతా చూసింది. మిట్ట మీది నుంచి కేకేసి అడిగింది.

"తారు పూసినారా అప్పా?"

ఆమే మళ్ళీ అంది. "ఎవురూ దిగొద్దండప్పా... ఆడనే ఉండండి."

ఆడనే ఉన్నాం. గట్టు నిండా జనం... ఈత రానివాళ్ళం, తెడ్డు పట్టడం తెలియనివాళ్ళం. మేకలు కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాం. రబ్బరు పడవ వచ్చేసరికి మిట్ట లేదు. పెద్దమ్మా లేదు.

ఇప్పుడు గుడిలో పుట్టి ఉండిన చోట ఆమె ఫోటో పెట్టి, కుంకుమ పెడదామంటున్నారు.

మీ ఊళ్ళోనూ దండం పెట్టి వదిలేసింది ఏదైనా ఉందా? ఒక్కసారి బోర్లించి అడుగు చూడండి... చూసి చెప్పండి.