నారుమడికి నేసిన గుడ్డ

మీ బాల్కనీ తొట్టిలో టమాటా ఆకులు పైకి ముడుచుకుని, మొక్క గిడసబారిపోయిందని ఫొటో పంపారు కదా పిల్లలూ. ఏ మందు కొట్టాలి అవ్వా అని అడిగారు. మందుల సంగతి నాకు తెలియదు. ఆ ముడత మాత్రం బాగా తెలుసు. మా అమ్మకున్న పేరును దాదాపు మింగేసిన ముడత అది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. యుద్ధం రోజులు. కాటన్‌పేటలో ఉండేవాళ్లం. నాన్న ఇంట్లోనే మగ్గం నేసేవాడు. వెనక బావి పక్కన కాస్తంత పెరడు, అందులో అమ్మ నారుమళ్లు. టమాటా, వంకాయ, మిరప నారు పోసి చుట్టుపక్కల వీధుల ఆడవాళ్లకు అమ్మేది. ఎవరి పెరట్లో చూసినా అమ్మ ఇచ్చిన నారే. ఆమెకు చేతివాసి ఉందనేవాళ్లు, ఆ చేత్తో గుచ్చితే ఎండుపుల్లయినా చిగురిస్తుందట. మా అమ్మకు నగలు లేవు, చదువు లేదు. ఉన్నదల్లా ఆ మాటే.

ఆ ఏడు ఆమె ఇచ్చిన టమాటా నారు, నాటిన ప్రతి ఇంట్లోనూ ముడుచుకుపోయింది. మొక్కలు మోకాలెత్తు కూడా రాలేదు. పూత రాలిపోయింది. కొందరు దిష్టి అన్నారు. మూల మీది కిరాణా కొట్టామె, ఏటా అందరికంటే ముందొచ్చి నారు కొనే మనిషి, మెల్లగా చెప్పింది.

"తప్పుగా అనుకోవద్దక్కా. నీ చేతివాసి పోయినట్టుండాది."

అమ్మ ఆ మాట నమ్మింది. ఆ తర్వాతి మడికి విత్తనాలు తాను ముట్టలేదు. నన్ను పిలిచి నా చేత చల్లించింది. తాను బావిగట్టు మీద కూర్చుని, చేతులు కొంగులో చుట్టుకుని, ఎంత ఒత్తుగా చల్లాలో నోటితో చెప్పింది. వాన కోసం చూసే మనిషిలా ఉంది ఆమె ముఖం.

మొలకలు రాగానే పక్కింటి కోళ్లు గీకడానికి వచ్చాయి. నాలుగు పుల్లలు పాతి, నాన్న పాత పంచె పైన కప్పి, అంచులు మట్టితో పూడ్చాం. పంచె సగం మడికే సరిపోయింది. మిగిలిన సగానికి ముళ్లకంప అడ్డం పెట్టాం. నీళ్లు పంచె మీద నుంచే చిలకరించేదాన్ని.

నెల తిరగకముందే కంప వైపు సగం ముడుచుకుపోయింది. పంచె ఎత్తి చూస్తే ఆ సగం పచ్చగా, నిటారుగా ఉంది.

అమ్మ ఆ రెండింటి మధ్య చాలాసేపు గొంతుక్కూర్చుంది. ముడుచుకున్న ఆకు ఒకటి తిరగేసింది. అడుగున పిండి రాలినట్టు సన్నటి తెల్లదోమ. తడితే లేచి, మళ్లీ అక్కడే వాలింది. పంచె కింద ఒక్కటంటే ఒక్కటి లేదు.

"చల్లింది ఒకే చెయ్యి కదే," అంది నాతో. "విత్తనం ఒకటే, నీళ్లు ఒకటే. చెయ్యి చెడ్డదైతే రెండూ పోవల్ల. సగమే ఎట్ల పోతాది?"

చాలా ఏళ్ల తర్వాత మీ తాత తెచ్చిన వ్యవసాయం పత్రికలో చదివాను. అది వైరస్ అట. జబ్బు మొక్క రసం తాగిన తెల్లదోమ మంచి మొక్క మీద వాలి అంటిస్తుందట. అమ్మకు ఆ పేరు తెలియదు. కానీ చదువుతూ చదువుతూ, ఇది ఎప్పుడో అమ్మ నోట విన్నదే కదా అనుకున్నాను.

ఇక మడి మొత్తానికి గుడ్డ కావాలి. ఎక్కడిది? యుద్ధం వల్ల నూలు కంట్రోల్లో ఉంది, లెక్కగట్టి కొంచెమే ఇచ్చేవాళ్లు. మగ్గం వారంలో సగం రోజులు ఊరికే ఉండేది. నాన్న నవ్వాడు, మనుషులకే కట్టుకోను లేదు, మొక్కలకు చీర కడతావా అని. మిగిలిన నూలు కొంచెం కొంచెం దాచి ఉగాదికి అమ్మకొక చీర నేయడం ఆయన అలవాటు. అమ్మ గొంతు పెంచలేదు.

"ఈ ఉగాదికి నాకు చీర వద్దు. ఆ నూలు మడికి నెయ్యండి. వెలుతురు దూరల్ల, దోమ దూరకూడదు."

ఆ చివరి మాటకు నాన్నకు పంతం వచ్చినట్టుంది. అంత సన్నటి గుడ్డ అంతకుముందు ఆయన నేయలేదు. వీధిలో మగ్గాలవాళ్లంతా వచ్చి వేళ్లతో తడిమి చూశారు. మీ మొక్కలు ముసుగేసుకోని ఘోషా పట్టినాయేమప్పా అని ఆయన్ను ఏడిపించారు. ఉగాదినాడు అమ్మ పాత చీరే ఉతికి కట్టుకుంది. ఆ మడికి విత్తనం మాత్రం తన చేత్తోనే చల్లింది.

నారు బ్రహ్మాండంగా వచ్చింది. అమ్మ ఒక షరతు పెట్టింది, పెరట్లో ముడుచుకున్న పాత మొక్కలు పీకి కాల్చినవాళ్లకే కొత్త నారు. దోమ తాగేది వాటి రసమే కదా. మీరూ ఆ తొట్టిలోది పీకేయండి, జాలిపడొద్దు. అందరూ పీకారు. కొట్టామె మాత్రం తన మొక్కకు నాలుగు కాయలున్నాయని మొండికేసి వెళ్లిపోయింది.

పక్క పెరళ్లలో ఒకటీ అరా ముడుచుకున్నా, బలంగా పెరిగిన మిగతావన్నీ పూతకొచ్చాక, ఒక పొద్దున ఆమె మా వాకిట్లో నిలబడింది. చేతిలో వేళ్లతో సహా పీకిన మొక్క, దానికి ఇంకా రెండు గిడస కాయలు.

"ఇదో అక్కా, పీకినా. ఇప్పుడన్నా ఇస్తావా?"

అమ్మ ఆమెను గడప దాటనివ్వలేదు.

"అది పట్టుకొని లోపలికి రావద్దు. దోమను మోసుకొచ్చినావు. మీ పొయ్యిలో పెట్టి రాపో."

ఆమె గొణుక్కుంటూ వెళ్లి, చేతులు కడుక్కుని మళ్లీ వచ్చింది. గుడ్డ కింద మళ్లీ పోసిన మడిలోంచి నేనే నారు పీకి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు కాదు పాపా. మీ అమ్మను ఇయ్యమను."

అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది. వేళ్లకు మట్టి రాలకుండా పన్నెండు మొక్కలు తీసి, తడి అరటిదొప్పలో చుట్టి, ఆమె చేతిలో పెట్టింది. నేను పక్కనే ఉండి చూశాను.