మూడు పతంగులు, నాలుగు దారాలు

మా ఆయన మొదటి పతంగి తెచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. దుబాయి నుంచి వచ్చేటోళ్లు సెంటు సీసాలు, మెత్తటి దుప్పట్లు, పిల్లలకు చాక్లెట్లు తెస్తరు. ఆయన కూడ అవన్నీ తెచ్చిండు గాని, సూట్‌కేసుకు తాడుతోని కట్టిన పొడుగాటి గుడ్డ సంచి ఒకటి విడిగ ఉండె. దాన్ని ఆటోల కూడ ఒళ్లనే పెట్టుకొని వచ్చిండు. చాయ్ తాగినంక మంచం మీద విప్పిండు. గొడుగు గుడ్డ లెక్క పల్చటి నీలం గుడ్డ, నల్లటి సన్న పుల్లలు, నాలుగు దారాలు, రెండు పిడులు.

ఇదేం పతంగని అడిగిన. రేపు చూస్తవు గద అన్నడు.

మా దిక్కు ఏ దేశం పోయినా దుబాయే అంటరు. ఆయన పనిచేసేది సముద్రం ఒడ్డున ఒక హోటల్‌ల, ఏసీలు బాగుచేసుడు. పని అయినంక సాయంత్రం ఇసుకల కూసునేటోడట. అక్కడ ఒక ముసలాయన, ఏ దేశపోడో తెల్వది, రెండు చేతులల్ల నాలుగు దారాలు పట్టి పతంగి ఎగిరేస్తుండెనట. మన పతంగిని గాలి ఎటు తీస్కపోతే అటు పోతది. అది మాత్రం ఆయన ఎటు పొమ్మంటే అటు పోతుండె. మీదికి పోయి ఆగుతది. ఆగిన జాగలనే గిర్రున తిరుగుతది. వెనుకకు నడుస్తది. మెల్లగ కిందికొచ్చి పిట్ట వాలినట్టు నేల మీద నిలబడ్తది. మా ఆయన నెల దినాలు ఊకె చూసిండు, ఇంకో నెల అడిగి నేర్చుకున్నడు. ఆ ముసలాయన తన దేశం పోయేటప్పుడు పాతది ఒకటి ఈయనకు ఇచ్చిపోయిండు.

నాకు సిద్దిపేటల మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఫాల్స్, లైనింగు గుడ్డ, బ్లౌజు పీసులు అమ్ముత, లోపల మిషిని మీద జాకెట్లు కుడుత. ఒక్కగానొక్క బిడ్డ హైదరాబాద్‌ల హాస్టల్‌ల ఉండి చదువుకుంటుంది. దుకాణం, ఇల్లు, ఫోను. ఇంతే నా బతుకు అప్పుడు. ఆయన రెండేండ్లకోసారి రెండు నెలల సెలవు మీద వస్తుండె.

ఆ సెలవు ఆషాఢంల పడ్డది. బండి మీద నన్ను తొగుట దిక్కు తీస్కపోయిండు. మల్లన్నసాగర్ కట్ట దూరంగ కనబడే తావున ఒక పెద్ద బీడు ఉంటది, చెట్టు గాని కరెంటు తీగ గాని అడ్డం రాదు. పడమటి గాలి ఆగకుండ కొడుతుండె. మనం సంక్రాంతికి ఎగిరేస్తం గాని, గాలి అసలు ఉండేది ఆషాఢంలనే అని నాకు ఆ దినమే ఎరుకైంది. ఆయన నా వెనుక నిలబడి నా చేతుల మీద చేతులు పెట్టి పిడులు పట్టించిండు. ఒక్కొక్క పిడికి మీద ఒక దారం, కింద ఒక దారం. బొటనవేళ్లు వెనుకకు వంచితే పతంగి ముందుకు పోతది, కింది దారాలు గుంజితే ఆగుతది, ఇంకింత గుంజితే వెనుకకు వస్తది. చెప్తే గింతే. చేతికి రావాలంటే మాత్రం పానం పోయింది. ఎన్నిసార్లు పతంగి మూతి నేలకు కొట్టించిన్నో లెక్కలేదు. ఆయన ఒక్కసారి కూడ కోపం చెయ్యలె. ఉరికి పోయి లేపి నిలబెట్టి, కానీయి అనేటోడు. పెండ్లయిన కొత్తల కూడ మేము అంత సేపు ఒక్కకాడ ఉండి ఎరుగం.

నాకు గాలిల ఆపుడు వచ్చేసరికి ఆయన సెలవు అయిపోయింది. పతంగి నాకే ఇడిసిపెట్టి పోయిండు. గాడ ఇంకోటి దొరుకుతదని చెప్పిండు.

దుకాణం బందు ఉన్న దినం స్కూటీ మీద ఒక్కదాన్నే పోయిన. ఇద్దరుంటే ఒకరు పతంగి పట్టుకొని నిలబడ్తరు, ఒకరు పిడులు పడ్తరు. ఒక్కరే అయితే మిషిని స్క్రూడ్రైవర్ భూమిల దింపి, దానికి పిడులు తగిలియ్యాలె. పతంగిని తలకిందులుగ పెట్టి, దారాలు బిర్రుగ చేసి, మల్ల నడుచుకుంట పిడుల కాడికి రావాలె. వచ్చేలోపల గాలి దాన్ని పడగొట్టొచ్చు. అప్పుడు మల్ల పోవాలె. ఆ బీడుల నేను ఎగిరేసిందానికంటే నడిచిందే ఎక్కువ.

వాడకట్టుల ఆడోళ్లు ఊకుంటరా. మొగడు దేశం మీద ఉంటే ఈమెకు పతంగులు కావల్సొచ్చినయా అని ఒకామె నా దుకాణంల నిలబడే అన్నది, ఫాల్స్ రంగు చూసుకుంట. ఫాల్స్ తీసిచ్చి పైసలు తీసుకున్న. ఆమెకు చెప్పేటందుకు నా దగ్గర ఒక మాట ఉండె గాని, అది బయటికి చెప్పేది కాదు. గాడికి గీడికి గంటన్నర తేడా. నేను సాయంత్రం బీడుల ఎగిరేస్తుంటే, ఆయన జర సేపటికి సముద్రం ఒడ్డున ఎగిరేస్తుంటడు. దూరం ఉన్నా ఇద్దరం ఒక్క పనే చేస్తున్నమని అనుకునేదాన్ని. ఆ అనుకునుడే నన్ను ప్రతి వారం స్కూటీ ఎక్కించింది.

రెండో సెలవుకు ఎర్రది తెచ్చిండు. ఇగ ఆ రెండు నెలలు నేను మర్చిపోను. ఇద్దరం పక్కపక్కన నిలబడి రెండు పతంగులు ఎగిరేసినం. ఆయన ఎడమకు అంటే రెండూ ఎడమకు పోతుండె, ఆగు అంటే రెండూ ఆగుతుండె. ఒకసారి దారాలు ఒకదానికొకటి మెలిపడితే భయపడ్డ. ఏం కాదు, వచ్చిన తొవ్వలనే వెనుకకు తిరుగు అన్నడు. తిరిగిన. దారాలు వాటంతటవే ఇడివడ్డయి.

ఎర్రది కూడ నాకే ఇడిసి, గాడ మల్లొకటి కొనుక్కుంట అని పోయిండు. ఇంట్ల రెండు పతంగులు, ఒక్క మనిషిని. ఎర్రదాన్ని సంచిల నుంచి తియ్య బుద్ధి కాలె. ఫోన్ల ఆ మాటే అన్న, రెండు పెట్టుకొని ఏం చేసుకోవాలె అని. అప్పుడు చెప్పిండు, ముసలాయన ఒకదాని వెనుక ఒకటి కట్టి ఎగిరేస్తుండె అని. పుల్లలు కలిసే ప్రతి తావున చిన్న దారం కట్టాలె, ముందలి దానికి మూర దూరంల వెనుకది ఉండాలె, చేతిల మాత్రం ఆ నాలుగు దారాలే.

నా పని గుడ్డ, దారం. ఈ పని నాతోని అయితదనుకున్న. దుకాణం టేపుతోని కొలిచి, సరి సమానంగ దారాలు కోసి కట్టిన. బీడుకు పోయి లేపితే ముందలిది లేచింది, వెనుకది పక్కకు ఒరిగి రెండూ కలిసి కింద పడ్డయి. ఇంటికొచ్చి చూస్తే, ముడులు వేసినంక దారాలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగ పొట్టిగైనయి. కోసినప్పటి కొలతకు విలువ లేదు, ముడి పడ్డంక కొలతనే కొలత. దారాలన్నీ దర్వాజ కొక్కేనికి తగిలిచ్చి, ఒక్కసారి గుంజి, కొసలన్నీ ఒక్కకాడికి వచ్చేదాంక ముడులు విప్పుకుంట, వేసుకుంట కూసున్న. మూడు వారాలు పట్టింది. నాలుగో వారం రెండూ ఒక్కసారి లేచినయి. రెండింటి గుంజుడు ఒకదానికి రెండింతలు కాదు, ఇంకా ఎక్కువే అనిపించింది. నేను రెండడుగులు ముందుకు ఉరికిన. పిడులు ఇడువలె. భుజాలు వారం దినాలు నొచ్చినయి.

ఆ తర్వాత సెలవుకు ఆయన రాలె. సెలవు దొరకలేదన్నడు. పచ్చ పతంగి ఒకటి, చేర్యాలకు వస్తున్న మనిషితోని పంపిండు. మల్లొక ఏడాది గడిచింది. ఫోన్ల మాటలు తక్కువైనయి. తిన్నవా, తిన్న, దుకాణం ఎట్లుంది, మంచిగనే. పతంగుల మాట నేను తీస్తేనే వస్తుండె. అలిసిపోయిండనుకున్న.

మూడోది కట్టేసరికి దారాలు ఆగలె. బలమైనవి తెప్పిచ్చుకున్న. ముందలి పతంగి మీదనే అన్నిటి బరువు పడ్తదని దాని పుల్లల మీద గుడ్డ అతుకు వేసిన. మూడు కలిస్తే మెల్లగ తిరుగుతయి. చెయ్యి చెప్పిన మాట ముందలిది వింటది, జరంత ఆగి నడిమిది, ఇంకింత ఆగి వెనుకది. తొందర పడితే మెలిపడి కూలుతయి. ఓపిక పడితే మొగుల మీద నీలం, ఎర్ర, పచ్చ మెట్లు కట్టినట్టు ఒక్కసారి వంగి తిరుగుతయి. మొదటిసారి అట్ల తిరిగిన దినం నేను గట్టిగ నవ్విన. నవ్వి అటిటు చూస్తే బీడుల గొర్రెలు తప్ప ఎవ్వరు లేరు. గొర్లు కాసే పెద్దమనిషి అప్పటికే కట్ట దిక్కు పోయిండు.

ఫోను స్కూటీకి ఆనిచ్చి వీడియో తీసిన. అండ్ల పతంగులు సగం సేపు కనబడనే కనబడవు. అయినా ఆయనకు పంపిన. తెల్లారి ఆయన చూసినట్టు ఫోన్ల టిక్కు పడ్డది. మధ్యాహ్నం జవాబు వచ్చింది, "బాగుంది" అని. ఆ ఒక్క మాట వెనుక ఇంకేదన్న వస్తదని చానసేపు ఫోను పక్కనే పెట్టుకొని జాకెట్లు కుట్టిన.

పోయిన ఏడాది ఆయన మొత్తానికే వచ్చేసిండు. నిచ్చెన మీదికెల్లి పడి కుడి భుజం పోయింది, ఇగ ఆ పని చేసుడు కాదని పంపిచ్చిన్రు. దవాఖానకు తిప్పిన, కసరత్తులు చేయించిన. చెయ్యి లేస్తది గాని బలం లేదు. నేను లోపల ఒక ఆశ పెట్టుకున్న. మూడింటిని విడదీసి, ఇద్దరం చెరొకటి పట్టుకొని, అప్పట్ల తీరుగ పక్కపక్కన ఎగిరేద్దమని. ఎన్నిసార్లు పిలిచినా వచ్చే వారం పోదమంటుండె. చివరికి ఒక ఆదివారం వచ్చిండు.

బీడుల సంచి విప్పుతుంటే, విడదీయకు, మూడు కలిపే లేపుత అన్నడు. వద్దందామనుకున్న. ఇన్నేండ్లకు ఆయన మొఖంల పాత ఉషారు కనబడితే నోరు రాలె. పతంగులు నేను నిలబెట్టిన, పిడులు ఆయన పట్టిండు. లేచినయి. పది మూరలు కూడ పోయినయో లేదో, గాలి విసురుగ వచ్చింది. కుడి దిక్కు కింది దారం గుంజాలె. ఆయన భుజం గుంజలేకపోయింది. మూడు కలిసి చక్కర్ కొట్టి నేలకు కొట్టుకున్నయి. ముందలి నీలం దాని పుల్ల విరిగిన చప్పుడు నాకు గాడికి వినబడ్డది.

పోయి చూసి వచ్చిన. పుల్ల మార్చొచ్చు, గుడ్డ కుట్టొచ్చు అని చెప్పిన. ఒకటైతే ఇంత గుంజది, ఎర్రదాన్ని ఒక్కదాన్ని పట్టుమని చెప్పిన. ఆయన నేల మీద కూసున్నడు. పిడులు పక్కన పెట్టి అన్నడు:

"నేను ఎన్నడూ ఇట్ల కలిపి కట్టలె. ముసలాయన కడుతుంటే చూసిన, గంతే. నువ్వు అడిగితే చెప్పిన."

"అయితేంది, చెప్పినవు గద," అన్న.

"రెండో సెలవు అయినంక ఒకటి కూడ ఎగిరేయలె. పోంగనే సముద్రం కాడి పని పోయింది. మమ్ములను ఎడారిల క్యాంపుకు మార్చిన్రు. గాడ ఎక్కడ ఎగిరేస్త?"

ఎందుకు చెప్పలేదని అడిగిన. నువ్వు ఫోన్ల ఖుషీగ చెప్తుంటివి, ఇది చెప్పి ఏం చెయ్యాలె అన్నడు.

నాకు ఆయన మీద కోపం రాలె. ఎడారిల ఏసీ పెట్టెల నడుమ ఆయన ఎట్ల గడిపిండో తల్చుకుంటే పానం కొట్టుకున్నది. కాని ఇంకోటి కూడ ఉన్నది, అది ఇప్పటికీ ఆయనకు చెప్పలె. నాలుగేండ్లు ప్రతి వారం నేను ఎవరి పక్కన నిలబడి ఎగిరేసిన్నో, గా మనిషి గాడ లేడు. ఒక్కదాన్నే ఉన్న. ఒంటరిదాన్నని అప్పుడు ఎరుకలేక ఉన్న, ఇప్పుడు ఎరుకై ఉన్న. వెనుకటి దినాలు కూడ ఒక్కొక్కటే తీసి మల్ల చూసుకోవాల్సి వచ్చింది.

పుల్ల మార్చిన. నీలం గుడ్డకు చిరుగు పట్టిన కాడ నా దుకాణంల దొరికిన దగ్గరి రంగు వేసి కుట్టిన. ఈ ఆషాఢంల మల్ల పోతున్న. ఒకటి రెండుసార్లు ఆయనను రమ్మన్న. నువ్వు పోయిరా, నేను దుకాణం చూసుకుంట అన్నడు. ఆయన దుకాణం మంచిగనే చూసుకుంటడు. రంగులు కలిపి గుడ్డ తీసిచ్చుడు నాకంటే బాగా వచ్చింది. ఆడోళ్లు ఆయననే అడుగుతున్నరు.

పోయిన వారం పతంగులు ఎగిరేస్తుంటే బండి చప్పుడైంది. తొగుట దిక్కు మొగులు నల్లగైందని, నేను వానల తడుస్తనని ఆయన వచ్చిండు. బండి దిగలె. ఒక కాలు నేల మీద పెట్టి చూసిండు. నేను ఆపలె. ఎడమకు తిప్పి, ఆపి, తలకిందులు చేసి, మెల్లగ దింపిన. మూడూ ఒకదాని మీద ఒకటి ఒరిగి పడుకున్నయి.

"మూడూ ఒక్క తీరుగనే తిరుగుతున్నయి," అన్నడు.

"వెనుకది జర ఆలస్యం. కింది దారం సాగింది, సరి చెయ్యాలె," అన్న.

తల ఊపిండు. నేను దారాలు చుట్టేదాంక ఆగిండు. ముందు ఆయన బండి, వెనుక నా స్కూటీ. సిద్దిపేటకు వచ్చేసరికి వాన మొదలైంది. ఆయన దుకాణం షటర్ లేపిండు. నేను తడిసిన సంచి విప్పి, పతంగులను ఒక్కొక్కటి తుడిచి, మిషిని మీది దండేనికి ఆరేసిన.