మూడేళ్ళ ఉసిరిచెట్టు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం రెండో ఏడు చదువుతున్నాను, ఒంటిమీద తెల్లకోటు ఉంది, కోటుకి జేబు ఉంది, జేబులో భూతద్దం ఉంది. ఇంకేం కావాలి? (ఆ భూతద్దంతో నేను ఎక్కువగా వెతికింది హాస్టల్ అన్నంలో రాళ్ళనే, అది వేరే సంగతి.) ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లలు "ఈ చెట్టు వయసెంత మేడమ్?" అంటే "తెలీదు, కనుక్కుందాం" అంటాను. ఆ మాట నాకు అబ్బడానికి బొబ్బిలి అవతల ఒక కొండ ఎక్కి దిగాల్సి వచ్చింది.

కొండ పైకి పోయేకొద్దీ చెట్ల ఎదుగుదల ఎలా మారుతుందన్నది ఆ ఏడు నా ప్రాజెక్టు. మావయ్య (అమ్మకి తమ్ముడు, వ్యవసాయం) ఊరి వెనకే కొండ ఉంది, కొండ నిండా ఉసిరిచెట్లున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా అత్తయ్య చేతివంట ఉంది, కాబట్టి అక్కడే చేస్తానన్నాను. కింద పది చెట్లు, నడుమ పది, పైన దొరికినన్ని ఎంచుకుని చుట్టుకొలతలు తీయాలి. ఎంచుకున్న చెట్లకి గుర్తుగా నంబర్లు వేసిన రేకు బిళ్ళలు కట్టమన్నారు మా గైడు. (వెనకాల అందరం ఆయన్ని కళ్ళజోడు మాస్టారు అనేవాళ్ళం.) అన్ని బిళ్ళలు ఎవరు చేయిస్తారు? నాన్నది బొబ్బిలిలో పూజాసామాన్ల కొట్టు. అక్కణ్ణుంచి పసుపుదారం ఉండ ఒకటి పట్టుకొచ్చి, ఒక్కో చెట్టు మొదలుకి చుట్టి, వేలాడే కొసకి ఎన్నో చెట్టయితే అన్ని ముడులు వేశాను. దారం విప్పి స్కేలు మీద పెడితే కొలత, ముడులు లెక్కపెడితే నంబరు. నా తెలివికి నేనే మురిసిపోయాను. కొండ పైన ఉసిరి ఒక్కటే దొరికింది, నా నడుము ఎత్తుంది. దానికీ ఇరవైయొక్క ముడులు వేసి, "వయసు మూడేళ్ళు" అని పుస్తకంలో రాసేసుకున్నాను. విప్పడం, కొలవడం మాస్టారి ఎదురుగానే చేద్దామని దారాలు చెట్లకే వదిలేసి హాస్టల్‌కి పోయాను.

నేను మరిచిపోయింది ఒక్కటే, అది కార్తీకమాసం.

రెండు వారాల తర్వాత ఒక సోమవారం పొద్దున్న మాస్టారితో కలిసి బస్సు దిగాను. ఆ ప్రాజెక్టు తప్పితే ఇంకో ఏడాది చదవాలి, ఇంకో ఏడాదికి నాన్న ఒప్పుకోడు. "తప్పినావంటే కొట్లో కూకోడమే" అని ముందే చెప్పేశాడు. ముందురోజు ఊళ్ళో ఆడవాళ్ళంతా కొండ కింద వనభోజనాలు చేసుకున్నారట. చూద్దును కదా, కింద ఉన్న ఉసిరిచెట్లూ, నడుమ ఉన్న ఉసిరిచెట్లూ, వేలంత లావు మొక్కలతో సహా అన్నీ పసుపుదారాలతో కళకళలాడుతున్నాయి!

అత్తయ్య ఎదురొచ్చి సంబరంగా చెప్పింది. "ఎవులో పుణ్యాత్మురాలు మాకంటే ముందే కట్టీసిందే! కొన్నిటికి కట్టి కొన్నిటికి మానీసింది. మిగతావి అలగ ఒగ్గీడం బాగోదని అన్నిటికీ మేం కట్టీసినాం. ఆవిడ యేసినట్టే ముడులూ యేసినాం."

"ఇంత దారం ఎక్కడిది అత్తయ్యా?"

"ఇంకెక్కడిది, మీ నాన్న కొట్లోదే."

(కార్తీకంలో బేరాలు బాగున్నాయని నాన్న ఫోనులో మురిసిపోయింది ఇందుకే!) పోనీ మీవి విప్పేయండి అన్నాను. "పూజదారం ఇప్పుతారేటే, తప్పు కాదా?" అని అందరూ చెంపలు వేసుకున్నారు. నేను గట్టు మీద కూలబడి, మాస్టారున్నారని కూడా చూడకుండా భోరుమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. తిట్టినా బాగుండేది.

"ఏడుపేటే? ఆడోళ్ళు కొండపైకి ఎక్కలేదు. పైనున్న నీ దారం అలాగే ఉంటాది, రా," అన్నాడు మావయ్య.

పైన గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. చెట్టు కొమ్మలన్నీ ఒకే పక్కకి వాలి ఉన్నాయి. నా దారం మాత్రం ఇరవైయొక్క ముడులతో భద్రంగా ఉంది. మాస్టారు ఆయాసం తీర్చుకుని, "దీని వయసెంతమ్మా?" అన్నారు.

"మూడేళ్ళు సార్." అప్పటికీ నా ధీమా తగ్గలేదు.

మావయ్య పకపకా నవ్వాడు. "మూడేళ్ళా! మా తాత ఆవులు కాసీటప్పుడు సద్దిమూట దీనికే తగిలించీవోడు. సిన్నప్పుడు నానూ తగిలించినాను. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. నాకంటే పెద్దదే ఇది!"

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు పక్కకి తీశారు. మొదలు నా పిక్కంత లావుంది. చేతులారా దారం చుట్టిన దాన్ని, ఎత్తు చూశానే గానీ లావు చూడలేదు! ఆయన పుల్లతో మట్టి గీకితే జానెడు లోతులో రాయి తగిలింది. "ఇక్కడ వాన నీళ్ళు నిలవవు, వేరు దిగడానికి చోటు లేదు, పైకి లేచిన చిగురునల్లా గాలి ఎండగట్టేస్తుంది. కింద చెట్లు ఎత్తు పెరిగాయి, ఇది బతకడంలోనే ఉంది," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "కొలతలు మళ్ళీ తీసుకోవచ్చు. ఈ మావయ్య నీకు మళ్ళీ దొరకడు. ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి ఏ చెట్టు ఎప్పటిదో రాయి. నెల రోజులు గడువిస్తాను," అన్నారు. నేను ఇంకోసారి ఏడ్చాను, ఈసారి వేరే రకం ఏడుపు. ఆ నెలంతా మావయ్య పొలం పనులు మానుకుని నాతో చెట్టుచెట్టుకీ తిరిగాడు. దారాలు కట్టినవాళ్ళే వచ్చి ఏది ఎవరి పెళ్ళినాటిదో, ఏది ఏ తుఫానుకి విరిగి చిగిర్చిందో చెప్పారు. నేను పాసయ్యాను. మావయ్యకి ఆ మాట సరిగ్గా చెప్పి దణ్ణం పెట్టానో లేదో ఇప్పుడు గుర్తు లేదు. పెట్టి ఉండను, అప్పట్లో అంతా నా తెలివే అనుకునేదాన్ని.

మొన్న కార్తీకంలో వెళ్ళాను. మావయ్య మోకాళ్ళు కొండ ఎక్కనివ్వడం లేదు, అరుగు మీదే కూర్చున్నాడు. నాలుగుచోట్ల ఆగి, రొప్పుతూ నేనొక్కదాన్నే ఎక్కాను. చెట్టు ఇంకా నా నడుము ఎత్తే ఉంది. (నడుమే, పాపం, వెనకటిలా లేదు.) తెల్లకోటు వేసుకుని దాని పక్కన మహా ధీమాగా నిలబడిన ఆ పిల్ల గుర్తొచ్చి, కోపం రాకపోగా ముద్దొచ్చింది.

దిగి వచ్చేసరికి మావయ్య నా కోసమే చూస్తున్నాడు. "ఎంత ఎదిగినాదే?"

"ఏమీ ఎదగలేదు మావయ్యా."

"ఉన్నాదా?"

"ఉంది. అప్పుడు చెప్పలేదు గానీ, నీ వల్లే గట్టెక్కాను మావయ్యా."

ఆయన మొహం పక్కకి తిప్పుకుని తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ తర్వాత నవ్వుతూ అన్నాడు: "మూడేళ్ళదే గదే, ఎదుగుతాదిలే."