నాగేందర్ నోట్సులో ఖాళీ గీత

"ఇరవై ఐదని మీరే రాసిండ్రు గదా అన్నా! అది చూసే పరీక్షల పెట్టిన. మార్కు పాయె, మైనస్ కూడా పడె."

"నేను రాసిన నాడు ఇరవై ఐదే ఉండె చెల్లె. వారం తిరగకముందే అమెరికా మన సరుకు మీద సుంకం ఇంకో ఇరవై ఐదు శాతం కలిపితే నేనేం జేసేది?"

"ఏమన్న జేయుండ్రి. నాగేందర్ నోట్సుల తప్పుండదని మా హాస్టల్ మొత్తం కొన్నం. ఇయ్యాలనే గ్రూపుల పెడుత, ఎవ్వరు కొనకుండ్రని."

అశోక్‌నగర్‌లో లైబ్రరీ వెనక సందు, జిరాక్సు దుకాణం ముందు గొడవ. అరుస్తున్న అమ్మాయి తన్మయి, సర్కారు పరీక్షలకు చదువుతోంది. కోచింగ్ వాళ్ళు పెట్టిన నమూనా పరీక్షలో ఒక్క మార్కు పోయిన కడుపుమంట ఆమెది. మాటలు పడుతున్నది దుకాణం యజమాని నాగేందర్. పదకొండేళ్ళ కిందట కొలువు కోసం వనపర్తి నుంచి వచ్చాడు. మూడుసార్లు పరీక్ష రాసి, మూడుసార్లూ గట్టు దాకా వచ్చి మునిగాడు. కొలువు రాలేదు గానీ చదివిందంతా బుర్రలోనే ఉండిపోయింది. దాన్నేం చేసుకోవాలో తెలియక, జిరాక్సు మిషను పక్కన కూర్చుని నోట్సు రాయడం మొదలుపెట్టాడు.

ఆ నోట్సుకు గిరాకీ ఊరికే రాలేదు. స్వదేశీ పరిశ్రమల రక్షణ అని లావుపాటి పుస్తకాలు పేజీలకు పేజీలు సాగదీసిన సంగతిని అతను తీసుకొచ్చి ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబెట్టాడు. బయటి ఇస్త్రీ అతను లోపలికి రావాలంటే గేటు దగ్గర ఇరవై రూపాయలు కట్టాలి. లోపలి ఇస్త్రీ అతనికి ఇక పండగే. నెల తిరక్కుండా చొక్కాకు రెండు రూపాయలు పెంచేస్తాడు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు ఊరుకుంటారా? ఇటు నుంచి వచ్చే పాలవాడికి వాళ్ళ గేటు దగ్గర ముప్పై పెడతారు. చివరికి అక్కడ పాలు ప్రియం, ఇక్కడ చొక్కాలు నలిగే ఉంటాయి. వాణిజ్య యుద్ధమంటే ఇదే అని రాశాడు. పిల్లలు చదివి నవ్వుతారు, నవ్వినదాన్ని మరిచిపోరు.

ఇప్పుడు ఆ పేరుకే ఎసరొచ్చింది. ఆదివారం ఇంకో నమూనా పరీక్ష ఉంది. బైండింగు కూడా అయిన మూడు వందల కాపీలు బల్ల కింద ఉన్నాయి. అన్నిటిలోనూ పదకొండో పేజీలో ఇరవై ఐదే. తన్మయి ఆ ఒక్క మాట గ్రూపులో పెట్టిందంటే అవన్నీ చిత్తుకాగితాల బండికే.

నాగేందర్ ఎర్రపెన్ను తీశాడు. "అన్నిట్ల యాభై అని దిద్దుత. గ్రూపుల పెట్టకు చెల్లె, జర ఆగు."

"ఎల్లుండి ముప్పై అయితే?"

అడిగింది అవినాష్. ఇంజనీరింగ్ రెండో ఏట వదిలేసి, నారాయణగూడలో అన్నావదినల దగ్గర ఉంటున్నాడు. ఒక్క కాగితం జిరాక్సుకని వచ్చి గంటలు కూర్చుంటాడు. నోటికి అదుపు లేదు.

"చదువు ఇడిసిపెట్టినోనివి, నీకేం ఎరుక?" అంది తన్మయి.

"ఇరవై ఐదుకు ఇరవై ఐదు కలపనీకి ఇంజనీరింగ్ ఎందుకక్కా?"

నాగేందర్ నవ్వబోయి ఆగాడు. పెన్నుకు మూత పెట్టేశాడు. జవాబంటే కదలకుండా ఒకచోట కూర్చుని ఉంటుందనే ఇన్నేళ్ళూ నమ్మాడు, పిల్లల చేత నమ్మించాడు. పెద్ద దేశాలు పొద్దుకో మాట మాట్లాడే కాలంలో అంకెను అచ్చేసి ఇవ్వడమే అతను చేసిన తప్పు. దాన్ని మళ్ళీ ఎర్రసిరాతో చేయబోయాడు.

ఆ సాయంత్రం మూడు వందల కాపీల్లోనూ ఆ అంకె మీద తెల్ల స్టిక్కరు అతికించి, దాని మీద ఉత్త గీత గీశాడు. పక్కన చిన్న అక్షరాలతో 'పెన్సిల్‌తో నింపుకోండి, ఇవాళ్టి అంకె దుకాణం ముందు' అని రాశాడు. తెల్లారేసరికి షట్టర్ పక్కన తెల్లబోర్డు వేలాడుతోంది. పైన తేదీ, కింద అమెరికా సుంకం యాభై, డాలరు ఎనభై ఏడు రూపాయల చిల్లర.

మొదట వచ్చింది పై అంతస్తులో ఉండే రిటైర్డ్ ఉద్యోగి లక్ష్మయ్య, వాకింగ్ నుంచి. "బంగారం దిగిందా ఏంది నాగేందర్?"

"బంగారం కాదు సార్, డాలర్."

"దాంతోని మనకేం పనయ్యా?"

"మీ మనుమనికి లాప్‌టాప్ కొంటనన్నరు గదా, ఆ షాపాయన్ని అడుగుండ్రి, చెప్తడు."

ఎనిమిదింటికల్లా బోర్డు ముందు పెన్సిళ్ళతో గుంపు చేరింది. "డాలర్ పెరిగితే మా మామకు మంచిగనే. నిజామాబాద్ పసుపు బయటికి పంపుతడు" అన్నాడు ఉదయ్ కుమార్ అనే కుర్రాడు.

"పంపుతడు, ఆ యాభై పడ్డంక కొనేటోడు ఎవడు?" అంది తన్మయి. మామ తరఫున ఉదయ్, ఆ పసుపును ప్రియంగా కొనాల్సొచ్చే అమెరికా ఇల్లాళ్ళ తరఫున తన్మయి అరగంట కొట్లాడుకున్నారు. పోతూ పోతూ తన్మయి బోర్డుకు ఫొటో తీసి గ్రూపులో తనే పెట్టింది, రోజూ చూసి నింపుకోండ్రని. శనివారం దాకా అంకె మారనేలేదు. అయినా పిల్లలు పొద్దున్నే వచ్చి చూసిపోయారు. మధ్యాహ్నానికి బల్ల కింద ఒక్క కాపీ లేదు.

అవినాష్ ఎప్పటిలాగే వచ్చి కుర్చీ లాక్కున్నాడు. నాగేందర్ ఒక కాగితాల కట్ట అతని ఒళ్ళో పెట్టాడు. రూపాయి పడిపోతే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని కొత్తగా రాసినది.

"ఇది అచ్చుకు పోకముందు నువ్వు సదువు తమ్మీ."

"నేనా? నాకేం సమజైతదన్నా?"

"గందుకే ఇస్తున్న. ఈ పిల్లలు సమజ్ కాకున్నా తలకాయ ఊపుతరు, ఇజ్జత్ పోతదని. నీకు ఆ బీమారి లేదు. సమజ్ కాని కాడల్లా సున్నా చుట్టి, సోమారం నాకియ్యి."