గెజిట్ల వెనక దాచిన రిజిస్టరు

గుంటూరులోని ఆ పాత గ్రంథాలయంలో ఒక రిజిస్టరును నేను దాచినంత బాగా ఇంకెవరూ దాచలేరు. గొప్పే చెబుతున్నాను. వెతికినవాళ్లకు దొరకలేదు సరికదా, చివరికి నాకూ దొరకలేదు. ఇన్నేళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. అలాగని చిక్కిపోలేదు. వేళకు తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది. నా మీద నాకు అనుమానం అక్కడే. ఇంత తప్పు చేసిన మనిషి ఇంత సుఖంగా ఉంటుందా? ఇంట్లో చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని రోజులు. మా వంశవృక్షం రాయాలన్న పిచ్చి పట్టింది నాకు. గ్రంథాలయం వెనక గదిలో ప్రత్తిపాడు బడి పాత అడ్మిషన్ రిజిస్టరు ఉండేది. పిల్లాడి పేరు, తండ్రి పేరు, ఊరు. మా ముత్తాత, ఆయన తమ్ముళ్లు, వాళ్ల పిల్లలు, అందరూ అందులోనే. కాగితం పెళుసు, జిరాక్సు తీయనివ్వరు, పెన్సిలుతో రాసుకోవాల్సిందే. కిరాణా కొట్టువాళ్ల పిల్లను కదా, అక్కడి ఉద్యోగితో బేరమాడి, ఇచ్చిన గంటకు ఇంకో గంట కలిపించుకున్నాను.

ఒకరోజు ఎవరో మాస్టారు కూడా ఆ రిజిస్టరు అడిగారని అతను చెప్పాడు. నాకింకా మూడు రోజుల పని ఉంది. కొట్లోకి మంచి సరుకు వస్తే నాన్న కావలసినవాళ్ల కోసం బల్ల కింద పెట్టేవాడు. నాకూ ఆ బుద్ధే పుట్టింది. వెళ్లేటప్పుడు రిజిస్టరును అలమరలో పాత గెజిట్ల వెనక్కి తోసేశాను.

మర్నాడు మాస్టారు నా దగ్గరికే వచ్చారు.

“ఆ బడి రిజిస్టరు మీరేమన్నా చూశారా అమ్మా?”

“లేదు మాస్టారూ. నేనూ దానికోసమే చూస్తన్నా.”

“మా తాత యోహానుకి చిన్నప్పుడే నాన్న పోయాడంటమ్మా. కూలికెళ్లి బళ్లో వేసింది వాళ్లమ్మే. ఆవిడ పేరు మా ఇంట్లో ఒక్కళ్లకీ తెలీదు. మాకేమన్నా పొలం కాగితాలా పాడా, ఉంటే అందులోనే ఉండాల. ఆ ఒక్క పేరు చూసుకుంటే చాలు.”

“దొరికితే చెప్తాలెండి.”

పది నిమిషాల పని. అప్పుడే తీసి ఇవ్వలేకపోయానా? లేదు అన్న నోటితోనే ఇదిగో అనడం నామోషీ అనిపించింది. మూడు రోజులేగా అనుకున్నాను. పైగా ఆయనతో కలిసి వెతికాను కూడా. గెజిట్ల వైపు నేను చూస్తానన్నాను. నా చీరకు దుమ్ము అంటుతోందని ఆయన నొచ్చుకున్నారు.

ఆ వారమే మా ఇంట్లో అందరికీ జ్వరాలు. మళ్లీ వెళ్లేసరికి ఆ అలమర ఖాళీ. చెదలు పట్టాయని గెజిట్లన్నీ మూటలు కట్టి పాత కాగితాలవాడికి వేసేశారట. వెనకేముందో ఎవరూ చూడలేదట. వాడి కొట్టుకు పరిగెత్తాను. లోడు ముందురోజే వెళ్లిపోయింది.

మాస్టారు ఆ తర్వాత మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ తల అడ్డంగా ఊపాను.

ఇదిగో, చెప్పేశాను. గుండె తేలికగానే ఉంది. ఆ తేలిక నాకు చెల్లుతుందో లేదో తెలియదు.

ఇక లెక్క, ఉన్నదున్నట్టు. అప్పటికి రాసుకున్నంతలో నాకు వచ్చింది నాలుగు తరాల పేర్లు. పటం కట్టించి హాల్లో పెట్టాను, చూసినప్పుడల్లా ఇప్పటికీ సంతోషమే. ఆయనకు పోయింది ఒక్క పేరు. ఆ పేరు నేను చూశాను. అంతమంది తండ్రుల వరసలో ఒకే ఒక్క ఆడమనిషి, పక్కన యోహాను. వింతగా ఉందే అనుకుని, మాది కాదు కదా అని పేజీ తిప్పేశాను. ఎంత గింజుకున్నా మొదటి అక్షరం కూడా గుర్తు రావడం లేదు.