గోడ దిగిన సైకిల్

మా వదినకు అసూయ ఎక్కువ. ఈ మాట ఆమె ఎదుటే అంటాను. ఆమె కూడా కాదనదు. "ఉంది, అయితే ఏంటి? నీకు నోరెక్కువ, నాకు అదెక్కువ" అంటుంది.

అన్నయ్యా ఆమే కలిసి నడిపే సైకిల్ షాపులో రిపేర్లన్నీ వదినవే. అన్నయ్య పని కౌంటర్ దగ్గర కబుర్లు చెప్పడం. ఒకప్పుడు వదిన కొండ మీంచి కిందికి దూసుకొచ్చే సైకిల్ పందేల్లో పేరు మోసిన మనిషి. ఒకసారి రాళ్ళ మీద పడి మోకాలు చితికింది. ఇక కుదుపులు పనికిరావని డాక్టరు తేల్చేశాడు. దాంతో ఆ కొండ సైకిల్‌ని షాపు గోడకు తగిలించేసింది. ఎవరైనా ముట్టుకుంటే కళ్ళెర్రజేసేది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది వ్యవహారం.

అలాంటిది సొంత చెల్లెలే వచ్చి అడిగింది. చదును రోడ్డు మీద జరిగే పందెంలో పేరిచ్చిందట.

"దీన్నే రోడ్డుకి పనికొచ్చేలా మార్చివ్వవా అక్కా? నీకెలాగూ పనికిరాదుగా."

ఆ చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది. కానీ తోడబుట్టినదాయె. వదిన మింగలేక కక్కలేక సరేనంది.

పని మొదలుపెట్టాక మాత్రం వంక పెట్టడానికి లేదు. గడ్డలు గడ్డలుగా ఉన్న లావు టైర్లు తీసి నున్నటి సన్నవి వేసింది. స్ప్రింగుల ఫోర్కు పీకి గట్టిది పెట్టింది. వెడల్పాటి హ్యాండిల్‌ని రెండు పక్కలా రంపంతో కోసింది. రంపం ఆడుతున్నంతసేపూ గొణుగుడే. "నా సైకిల్ మీద కూర్చుని అది కప్పు తెస్తుందట! మొన్నటిదాకా గుమ్మం దిగాలంటే నా చెయ్యి పట్టుకునేది."

అంతా అయ్యాక గేర్లు చూసొస్తానని తనే ఎక్కింది. వీధి చివరిదాకానే అనుకున్నాం. ఎంతకీ రాదు. అన్నయ్య కబుర్లు మానేసి రోడ్డు మీద నిలబడ్డాడు. చివరికి చెమటలు కక్కుతూ వచ్చి దిగింది. ఆ మొహం చూసి నాకు భయమేసింది.

"నొప్పి తిరగబెట్టిందా వదినా?"

"లేదు. అదే నా ఏడుపు. అస్సలు నొప్పే లేదు."

డాక్టరు కుదుపులొద్దన్నాడు గానీ తొక్కొద్దనలేదు. ఇన్నాళ్ళూ ఆ ముక్క ఆమెకు తట్టలేదు. కొండతో పాటు సైకిలే పోయిందనుకుంది. ఇప్పుడు తనకు సరిపోయే సైకిల్ని తన చేత్తోనే తయారుచేసి, చెల్లెలికి మాటిచ్చి కూర్చుంది.

మర్నాడు చెల్లెలు వచ్చి ఎక్కి చూసింది. తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగిపోతోంది.

"అక్కా, సీటు ఎత్తుగా ఉంది. పెడల్ అందట్లేదు."

"అలవాటవుతుందిలే" అంది వదిన, ఎటో చూస్తూ. సీటు ఇంకా వదిన కాళ్ళ కొలతకే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"అలా తొక్కితే దాని మోకాలు కూడా పోతుంది వదినా" అన్నాను.

ఆ క్షణాన మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అయినా పానా తీసింది. చెల్లెల్ని కూర్చోబెట్టి సీటు దింపింది, పెడల్ తిప్పించి చూసి ఇంకాస్త దింపింది. బోల్టు బిగిస్తున్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓర్వలేక వచ్చిన నీళ్ళే అవి, వేరే పేరు పెట్టను.

పందెంలో చెల్లెలే మొదటొచ్చింది. జనం కేకలతో చెవులు చిల్లులు పడుతుంటే వదిన చేతులు కట్టుకుని నిలబడింది.

"చప్పట్లు కొట్టు వదినా, నీ చెల్లెలు గెలిచింది!"

"నువ్వు కొట్టు. నాకైతే ఎవరో నా సైకిలెత్తుకుని పారిపోతున్నట్టుంది."

చెల్లెలు గీత దాటి, రొప్పుతూ, ఏడుస్తూ దిగింది. "అక్కా!" అని రెండు చేతులూ చాచింది. వదిన కూడా చాచింది. సైకిల్ కింద పడకుండా పట్టుకుని, అంత జనం మధ్యా, జేబులోంచి పానా తీసి సీటు పైకి లేపడం మొదలుపెట్టింది.