పాత మాస్టరు తువ్వాలు

కుదురుగా కూర్చుని ఫుట్‌బాల్ ఆట చూడటం నాకు ఏనాడూ చేతకాలేదు. డెబ్బయిల చివర చిత్తూరులో నాకు సైకిల్ షాపు ఉండేది. మా ఊరి జట్టు ఆట ఉందంటే మధ్యాహ్నం నుంచే చేతులు పని మీద నిలిచేవి కావు. ఒకసారి ఎవరి సైకిల్‌కో ముందు చక్రం సరిగ్గా బిగించకుండానే ఇచ్చేసి మైదానానికి పరుగెత్తాను. ఆ మనిషి వీధి మలుపులో పడి, మోచేయి గీరుకుపోయి, సైకిల్ మోసుకుంటూ వెనక్కి వచ్చాడట. అప్పటికే నా షాపుకు తాళం పడింది.

మైదానానికి ఎదురుగా ఒక టీ అంగడి ఉండేది. ఆట ముగిశాక మేమంతా అక్కడ చేరేవాళ్లం. ఆడినవాళ్ల కంటే ఆడించినవాళ్ల గురించే ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం. జట్టును నడిపే మనిషిని మేము మాస్టరు అనేవాళ్లం. అప్పట్లో మాకు ఇద్దరు మాస్టర్లు. ఒకాయన మైదానంలో ఉన్నాడు, ఇంకొకాయన మా నోళ్లలో ఉన్నాడు.

పాత మాస్టరు బళ్లో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. మైదానం పక్కనే రోడ్డు. లారీల మోతకు, మా అరుపులకు ఆయన గొంతు ఆటగాళ్లకు వినిపించేది కాదు. అందుకని తువ్వాలుతో చెప్పేవాడు. ఎర్రగళ్ల తువ్వాలు. అది భుజం మీద ఉంటే ఎవరి చోట వాళ్లు ఆడాలి. తలకు చుట్టాడంటే అందరూ ఒక్కసారిగా ముందుకు దూకాలి. తువ్వాలు తలకెక్కగానే మైదానం గట్టు మీద కూర్చున్న మేమూ లేచి నిలబడేవాళ్లం.

కొత్త మాస్టరు కోలారు గనుల వైపు నుంచి వచ్చాడు. వచ్చీ రాగానే తువ్వాలు సైగలు మానిపించాడు. గట్టు వైపు చూడొద్దని, పక్కనున్నవాణ్ణి చూసి వాడితో మాట్లాడుతూ ఆడమని నేర్పాడు. ఆట కాగానే బంతుల సంచి భుజాన వేసుకుని తన గదికి వెళ్లిపోయేవాడు. పాత మాస్టరులా మా బెంచీ మీద కూర్చుని టీ తాగలేదు, మా సలహాలు వినలేదు. నిజం చెప్పాలంటే నా మంటంతా అదే.

"మళ్లా సున్నాకు సున్నానే. ఇదేం ఆటబ్బా!" అన్నాను ఒక సాయంత్రం.

"ఓడిపోలా గదా," అన్నాడు టైలరు. ఆయన కొత్త మాస్టరు పక్షం. "పాతాయన ఉన్నెప్పుడు నాలుగు కొట్టి అయిదు ఇస్తా ఉంటిమి. ఈయనొచ్చినాక మన వల కదిలిందా, సెప్పు?"

"ఆట సూసేదానికొచ్చినామా, వలకు కాపలా ఉండేదానికొచ్చినామా?"

టీ అంగడాయన గ్లాసు నా ముందు పెడుతూ నవ్వాడు. "ఏమప్పా, పాతాయన ముసిలోడైపోయినాడు, మార్చండి మార్చండి అని ఈ బెంచీ మీదనే గొంతు సించుకుంటివే, మర్సిపోయినావా?"

"అది వేరే, ఇది వేరే."

ఎట్లా వేరో నాకే తెలియదు. అందరూ నవ్వారు. నేను లేచి, అంగడి ముందు అటూ ఇటూ తిరిగి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

ఎండాకాలం పోటీల్లో మా జట్టు చివరి ఆటకు చేరింది. అవతల వేలూరు జట్టు. గెలవకపోతే కొత్త మాస్టరును పంపించేస్తామని జట్టు పెద్దలు తేల్చేశారు. ఆ సంగతి టైలరే చెప్పాడు. "పెండ్లాం బిడ్డల్ని పిలిపించుకోవాలని నన్ను ఇల్లు సూడమన్యాడు. మా వీధిలో ఒకటి సూసిపెట్టినా. ఈ ఆట గెలిస్తేనే అడ్వాన్సు ఇస్తాడంట."

విన్నాను. విని కూడా, ఆట రోజు పాత మాస్టరు ఇంటికి వెళ్లాను.

"నేనెందుకబ్బా? ఆడ ఒక మాస్టరు ఉండాడు గదా," అన్నాడాయన.

"ఊరికే సూద్దురు రాండి సారూ."

సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను. కొత్త మాస్టరు నిలబడే వైపుకు సరిగ్గా ఎదురుగా, టీ అంగడి కుర్చీ తెచ్చి వేశాను. ఆయన్ను చూసి జనం ఈలలు వేశారు. ఆయన ఇబ్బందిగా తల వంచుకున్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది.

మొదటి సగంలోనే మావాళ్లు ఒక గోలు కొట్టారు. ఆ తర్వాత కొత్త మాస్టరు చెప్పినట్టు సర్దుకుని, వేలూరు వాళ్లకు సందు ఇవ్వకుండా ఆడసాగారు. అట్లా కాసేపు నిలబడితే చాలు, ఆట మాదే. కానీ నాకు నిలవదే! గెలుస్తున్నాం, అయినా నాకు తృప్తి లేదు. ఈ గెలుపు ఆ మనిషిది అయిపోతుందన్న ఉడుకు.

"తువ్వాలు తలకు కట్టండి సారూ, ఇంకొకటి కొట్టేస్తాం."

"వద్దబ్బా. పిల్లోళ్లు బాగా ఆడతా ఉండారు. ఆయన లెక్క ఆయనకుంటాది. నువ్వు కూసో."

నేను కూర్చోలేదు. ఆయన భుజం మీది తువ్వాలు లాగి నా తలకు చుట్టుకుని, కుర్చీకి ముందు నిలబడ్డాను. దూరానికి తల ఎవరిదో తెలియదు, ఎర్రగళ్లు తెలుస్తాయి. ముందు ఒకడు చూశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటు, అందరూ దూకారు. వెనక మైదానం ఖాళీ. వేలూరు వాళ్లు గోలు కొట్టారు. అవతలి గట్టు నుంచి కొత్త మాస్టరు రెండు చేతులూ ఊపుతున్నాడు, ఎవరికీ ఏమీ వినపడటం లేదు. మావాళ్లు తేరుకునేలోపు రెండోదీ పడింది. అంతే, ఆట పోయింది.

పాత మాస్టరు నా తల మీంచి తువ్వాలు తీసుకుని మడత పెట్టుకున్నాడు. సైకిల్ తెస్తానంటే, "నడుస్తాలే," అన్నాడు. ఆ తర్వాత ఆయన మైదానం వైపు రాలేదు.

టీ అంగడిలో అందరూ కొత్త మాస్టరునే తిట్టారు. టైలరు నన్నే చూస్తున్నాడు. "సెప్పప్పా, తువ్వాలు ఎవురు కట్టినారో సెప్పు." నేను టీ తాగుతూ ఉండిపోయాను. మర్నాడు పెద్దలు కూర్చున్నప్పుడైనా వెళ్లి చెప్పి ఉండవచ్చు. షాపులో ఒక చక్రం ఊచలు బిగిస్తూ, విప్పుతూ, మళ్లీ బిగిస్తూ పొద్దు గడిపాను.

అంతా అయిపోయాక కొత్త మాస్టరు గదికి వెళ్లాను. పెట్టె సర్దుతున్నాడు. తువ్వాలు సంగతి చెప్పాను.

"తెలుసు. నేను నిలబడిన చోటికి తువ్వాలు కనపడింది."

"పెద్దోళ్లకు సెప్పుండచ్చు గదా సార్?"

"చెప్తే ఆ పెద్దాయన పేరే వస్తుంది, నీది రాదు." పెట్టెకు తాడు కడుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "ఆ ఇల్లు ఇంకెవరికైనా ఇచ్చేయమని టైలరుకు చెప్పు."

ఆ మాట మోసుకెళ్లి టైలరుకు చెప్పాను. ఆయన తల ఊపి మిషన్ తొక్కుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఇంకో మాస్టరు వచ్చాడు. ఆయన జట్టు మొదటి ఆటలోనే మూడు గోల్స్ ఇచ్చుకుంది. ఆ సాయంత్రం అదే బెంచీ మీద, కాలు ఊపుకుంటూ, "ఆ కోలారాయన ఉన్నెప్పుడు మన వల కదిలేదా అసలు?" అన్న గొంతు నాదే. టీ అంగడాయన పకపకా నవ్వాడు. టైలరు తన గ్లాసు తీసుకుని అవతలి బెంచీ మీదికి వెళ్లి కూర్చున్నాడు.